చాటుమాట – చాటింపు: బెంగుళూరు నగరమున అజ్ఞాత సంభాషణ చరిత్ర

తెలుగు భాషలో "చాటు" అను శబ్దమునకు రెండు ప్రయోగములు గలవు. నామవాచకమైనపుడు అది మరుగు: చెట్టుచాటు, తలుపుచాటు. క్రియ యైనపుడు అది నలుగురికి వినవచ్చునట్లు ప్రకటించుట. చాటింపు అను మాట దానినుండియే పుట్టినది. సంస్కృతమునుండి వచ్చిన చాటువు వేరు. ప్రియమైన పలుకు అని దాని కర్థము. ఇంగ్లీషునుండి ఇటీవల వచ్చి చేరిన "చాట్" అను మాటకు వీనిలో దేనితోను చుట్టరికము లేదు. అయినను కంప్యూటరు మీదను, సెల్‌ఫోను మీదను అప్పటికప్పుడు జరుగు ఆ సంభాషణ మరుగుగాను, ప్రకటనగాను కూడ పనిచేయుచున్నది. పేరు దాచుకొని మాటలాడువాడు చాటున నున్నాడు. ఆ మాటయే చేతులు మారి వేలమందికి చేరినపుడు చాటింపైనది.

పేరు చెప్పక మాటలాడు స్వేచ్ఛ మేలా, కీడా అను వాదము చాలకాలముగా జరుగుచున్నది. ఈ వాదమున ఇరుపక్షములవారును తరచుగా ఒక భేదమును విస్మరించుచున్నారు. చాటున చెప్పుకొను మాటకు వర్తించు న్యాయము వేరు. చాటింపునకు వర్తించు న్యాయము వేరు. ఈ భేదమును గుర్తింపనిచో ఏమి జరుగునో బెంగుళూరు నగరము గత మూడు దశాబ్దులలో పలుమార్లు చవిచూచినది. భాషా అల్పసంఖ్యాకులుగా ఆ నగరమున జీవించు తెలుగువారికి ఈ చరిత్ర పరాయిది కాదు.

పూర్వరంగము

అజ్ఞాత రచన తెలుగువారికి క్రొత్త కాదు. సంతకము లేని ఉత్తరమును "ఆకాశరామన్న ఉత్తరము" అని పిలుచుట నేటికిని వాడుకలో నున్నది. ఆ మాటలో కొంత వేళాకోళమును, కొంత భయమును గలవు. అధికారి అక్రమమును పై వారికి తెలిపినది ఆకాశరామన్నయే. కుదిరిన పెండ్లి సంబంధమును చెడగొట్టినదియు ఆకాశరామన్నయే. మరియొక ప్రక్క, కర్త ఎవరో తెలియని చాటుపద్యములు తెలుగునాట అసంఖ్యాకముగ వ్యాపించినవి. లోభిని, గర్విష్ఠిని, న్యాయము తప్పిన ప్రభువును అవి నిర్భయముగ పరిహసించినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు "చాటుపద్య మణిమంజరి"గా సంకలనము చేసిన పద్యములలో పెక్కింటికి కర్తలు తెలియరు. కర్త తెలియకపోయినను పద్యమునకు లోటు రాలేదు.

చాటింపు సంగతి వేరు. డప్పు వాయించుచు వీధివీధిని తిరిగి చెప్పువాడు ఊరందరికి తెలిసినవాడు. ఆ వార్త ఎవరి ఆజ్ఞమీద వచ్చినదో కూడ అతడు చెప్పవలసియుండెను. గ్రామమునకు ఆ వార్త యెడల గల విశ్వాసమునకు మూలమదియే.

అచ్చుయంత్రములు వచ్చిన పిమ్మట ఈ న్యాయమే చట్టరూపము దాల్చెను. 1867వ సంవత్సరపు పత్రికలు, గ్రంథముల రిజిస్ట్రేషను చట్టము భారతదేశమున ముద్రణమగు ప్రతి పుస్తకముపైనను, పత్రికపైనను ముద్రాపకుని పేరును, ముద్రణస్థలమును, ప్రకాశకుని పేరును ఉండవలెనని విధించినది. గ్రంథకర్త పేరు తప్పక ఉండవలెనని ఆ నిబంధనలో లేదు. వలసపాలకులు ఈ చట్టమును చేయుటలో ప్రజలపై కన్ను వేసియుంచు ఉద్దేశము ఉన్నమాట నిజమే. అయినను అందులో గమనింపదగిన సూక్ష్మ మొకటి గలదు. వ్రాసినవాడు కలముపేరు చాటున ఉండవచ్చును. దానిని వేయిప్రతులు చేసి ఊరిమీదికి వదలినవాడు ఉండరాదు. 2023లో వచ్చిన క్రొత్త చట్టము దాని స్థానము నాక్రమించువరకు, నూట ఏబది యేండ్లకు పైగా పత్రికాలోకము ఈ కట్టుబాటునకు లోబడి నడచెను.

క్రొత్త సాధనము

చాట్ అను సంభాషణ పద్ధతికి ఇప్పటి రూపము ఐరోపాలోని ఫిన్లండు దేశమున ఏర్పడినది. 1988లో ఊలు విశ్వవిద్యాలయమునందు యార్కో ఓయికారినెన్ అను యువకుడు "ఇంటర్నెట్ రిలే చాట్" అను ఏర్పాటును రూపొందించెను. అందు ప్రవేశించువాడు అసలు పేరు చెప్పనక్కరలేదు. ఒక ముద్దుపేరు ఎంచుకొన్న చాలును. 1993లో ప్రకటింపబడిన నిబంధనల ప్రకారము ఆ పేరు 9 అక్షరములకు మించరాదు. గుర్తింపు పత్రమునకు బదులు తొమ్మిది అక్షరముల ముసుగు!

భారతదేశమున విదేశ సంచార నిగమము 1995 ఆగస్టు 15వ తేదీన ప్రజలకు ఇంటర్నెట్ సదుపాయమును ప్రారంభించెను. మరుసటి సంవత్సరమే, అనగా 1996లో, బెంగుళూరు బ్రిగేడ్ రోడ్డున కెఫే కాఫీ డే మొదటి అంగడి తెరువబడెను. కాఫీతోపాటు ఇంటర్నెట్‌ను అందించుట దాని విశేషము. క్రమముగ నగరమునందలి పేటపేటకును సైబర్ కెఫేలు వెలసినవి. ఉద్యోగములకై ఆంధ్రదేశపు జిల్లాలనుండి వచ్చిన యువకులు గంటకింత అని చెల్లించి, చెక్క అడ్డుగోడల మధ్య కూర్చుండి, ఎన్నడును చూడనివారితో మాటలాడిరి. తెలుగులిపి కంప్యూటరుకు ఇంకను అలవడలేదు గనుక తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరములలో కూర్చిరి. చాట్ గదులలో మొదటి ప్రశ్న మూడు ముక్కలు: వయస్సెంత, ఆడా మగా, ఏ ఊరు? పేరు అడుగువాడు అరుదు. అడిగినను నిజము చెప్పువాడు మరింత అరుదు.

చాటువలన మేలు

ఈ ముసుగు వలన కలిగిన మేలును తక్కువగా చూడరాదు. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు జాన్ సూలర్ 2004లో ప్రకటించిన పత్రమున, మనుష్యులు ముఖాముఖిగా చెప్పని మాటలను ఇంటర్నెట్‌లో ఏల చెప్పుదురో వివరించుచు, అజ్ఞాతస్థితిని ముఖ్య కారణములలో నొకటిగా పేర్కొనెను. బిగువు సడలిన మనస్సు మంచి దారిని పోవచ్చును, చెడు దారినిం బోవచ్చునని ఆయన నిర్ణయము. లోపల దాచుకొన్న దుఃఖము బయటకు వచ్చుట మొదటిది. లోపల అణగియున్న క్రౌర్యము బయటకు వచ్చుట రెండవది.

మొదటి దారికి ఇంటర్నెట్ కంటె ముందే నిదర్శనములు గలవు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున ఆరంభమై ప్రపంచమంతట వ్యాపించిన మద్యపాన విముక్తుల సంఘమునకు అజ్ఞాతత్వము పేరులోనే గలదు. ఇంటిపేరు చెప్పనక్కరలేదన్న ఒక్క హామీ వలన వ్యసనపరుడు గడప దాటి లోనికి రాగలిగెను. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ శిఖరకేంద్రముగా 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలిమానస్ సేవ, 14416 అను సంఖ్య ద్వారా, మనోవ్యథకు లోనైనవారికి దూరమునుండియే ఉపశమనము కలుగజేయుచున్నది. మానసిక వైద్యాలయము మెట్లెక్కిన నలుగురు ఏమనుకొందురో అను జంకు తెలుగు కుటుంబములలో నేటికిని పోలేదు. అట్టివారికి చాటు అనునది పిరికితనము కాదు; చికిత్సకు మొదటి మెట్టు. అత్తవారింట హింస కోర్చుకొను కోడలు, తరగతిలో అవమానము పొందిన బాలుడు, పై అధికారి ఆగడములకు లోనైన ఉద్యోగిని — వీరు మొదటిమారు నోరు విప్పుటకు పేరులేని చోటు కావలసియున్నది.

ఈ మరుగునకు రాజ్యాంగబలము కూడ బెంగుళూరు వాసి ఒకరి మూలముననే లభించెను. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు ఆధార్ విధానమును ప్రశ్నించుచు 2012లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ఆ వ్యాజ్యమున 2017 ఆగస్టు 24వ తేదీన తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను.

చాటువలన కీడు

రెండవ దారికిని నిదర్శనములు తక్కువ కావు. చాట్ గదులలో పిల్లల వయస్సు చెప్పుకొని పిల్లలతో స్నేహము చేసిన దుర్మార్గుల వలన 2003లో మైక్రోసాఫ్టు సంస్థ అనేక దేశములలో తన చాట్ గదులను మూసివేసెను. 2005లో యాహూ సంస్థ సభ్యులు తామై ఏర్పరచుకొను గదులను తొలగించెను. అపరిచితు లిరువురిని యంత్రమే జతపరచి మాటలాడించు ఒమెగిల్ అను ఏర్పాటు 2009లో పుట్టినది. దానిని నిర్మించిన లీఫ్ కె-బ్రూక్స్ వయస్సు అప్పటికి 18 సంవత్సరములు. పదునొకండేండ్ల బాలికను ఆ యంత్రము ఒక దుష్టునితో జతపరచినది; పెరిగి పెద్దదైన పిమ్మట ఆమె ఆ సంస్థపై దావా వేసెను. 2023 నవంబరులో ఒమెగిల్ మూతపడెను. బిడ్డ చేత ఫోను పెట్టిన ప్రతి తల్లియు, తండ్రియు తెలిసికొనవలసిన చరిత్ర ఇది. ఇందు నేరము పేరు దాచుటలో మాత్రమే లేదు; ఎదుటివారిని నమ్మించుటకు మరియొక పేరును, మరియొక వయస్సును ధరించుటలో ఉన్నది. భారతీయ సమాచార సాంకేతిక చట్టములోని 66డి విభాగము కంప్యూటరు సాధనముగా పరవేషముతో మోసగించుటను శిక్షార్హమైన నేరముగా పేర్కొనినది. మౌనముగ పేరు చెప్పకుండుట వేరు, అబద్ధపు పేరుతో వంచించుట వేరు అని చట్టము కూడ గుర్తించినదన్నమాట.

ముసుగు తప్పుగా తీసిన నాడు

ఇట్టి కీడులను చూచినవారు అందరి ముసుగులను తొలగించిన చాలునందురు. ఆ పని ఎంత ప్రమాదకరమో 2007లో బెంగుళూరుననే రుజువైనది. ఆర్కుట్ అను వేదికపై ఛత్రపతి శివాజీని ఎవరో అజ్ఞాతముగా అవమానించిరి. పుణె పోలీసులు విచారణ జరుపగా, ఒక ఇంటర్నెట్ సంస్థ వారికి తప్పు చిరునామా నిచ్చెను. ఆ తప్పు ఫలితముగ బెంగుళూరున సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయుచున్న ఒక యువకుని ఆ ఆగస్టులో నిర్బంధించి పుణెకు కొనిపోయిరి. ఏ పాపము నెరుగని అతడు 50 దినములు కారాగారమున గడిపెను.

ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షనుకు ఐ.పి. చిరునామా యను ఒక సంఖ్య ఉండును. అదే సంఖ్య ఒక గడియలో ఒకరికి, మరియొక గడియలో మరియొకరికి చెందవచ్చును. తేదీ, గంట, నిమిషము సరిగా చూడనిచో దొంగకు బదులు దొరయింటివాడు దొరకును. యంత్రము చెప్పిన పేరు కావున అది సత్యమే యను భ్రమ ఆకాశరామన్న ఉత్తరమును నమ్మిన భ్రమకంటె తక్కువ ప్రమాదకరము కాదు.

2012 ఆగస్టు

ఈ చరిత్రలో నడిమి ఘట్టము 2012 ఆగస్టు మాసము. జూలైలో అస్సాములోని కోక్రఝార్ ప్రాంతమున ఘర్షణలు చెలరేగి, సుమారు 4 లక్షల మంది నిరాశ్రయులైరి. దాని వెనువెంటనే, రంజాను ముగిసిన పిమ్మట ఈశాన్య రాష్ట్రములవారిపై దాడులు జరుగునను సందేశములు దక్షిణాది నగరములలోని సెల్‌ఫోనులలో తిరుగసాగినవి. వేరు దేశములలో జరిగిన ప్రకృతి వైపరీత్యముల చిత్రములను మార్చి, ఇచటి మారణకాండ చిత్రములుగా చూపిరి. ఆగస్టు 15వ తేదీ రాత్రినుండి బెంగుళూరు సిటీ రైల్వే స్టేషను, అనగా నేటి క్రాంతివీర సంగొళ్లి రాయణ్ణ స్టేషను, మూటాముల్లె పట్టుకొన్న విద్యార్థులతోను, కావలివారితోను, హోటలు పనివారితోను నిండిపోయెను. గౌహతికి ప్రత్యేక రైళ్లు నడుపవలసి వచ్చినది. కొలది దినములలో వేలాది జనులు చేయుచున్న పనిని, చదువుచున్న చదువును విడిచి నగరమునుండి వెడలిపోయిరి. హైదరాబాదు, పుణె, చెన్నై నగరములలోను ఇదే భయము వ్యాపించెను.

ఇచట నిలిచి యోచింపవలసిన విషయ మొకటి గలదు. ఆ సందేశములను మొదట పుట్టించిన వారెవరో అందుకొన్నవారికి తెలియదు. కాని వారి చేతికి దానిని అందించినవాడు అజ్ఞాతుడు కాడు. గదిలో తోడుండు మిత్రుడు, తోటి ఉద్యోగి, స్వగ్రామమునుండి ఫోను చేసిన తల్లి. పేరులేని మాట, పేరున్న మనిషి నోటినుండి వచ్చినది గనుకనే నమ్మకము కలిగినది. "నిప్పు లేనిదే పొగ రాదు" అను సామెత అట్టి సమయమున విచక్షణకు సమాధి కట్టును. పొగ కనబడినది; నిప్పు ఎచట నున్నదని అడిగినవారు లేరు.

ఆగస్టు 17వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఒకమారు 5గురికి మించి సందేశములు పంపరాదని 15 దినములకు నిషేధము విధించెను. కొలది దినములకు ఆ పరిమితిని 20కి పెంచినది. ఈ నిషేధము భయవార్తను అడ్డగించినట్లే, "ఇచట అంతయు క్షేమము" అను వార్తనుగూడ అడ్డగించెను. మంత్రులు, పోలీసు అధికారులు, ముస్లిము పెద్దలు తమతమ పేర్లతో, తమతమ ముఖములతో ప్రజల యెదుటికి వచ్చి ధైర్యము చెప్పవలసి వచ్చినది. పేరులేని చాటింపునకు పేరున్న చాటింపే విరుగుడైనది.

అదే ఆగస్టు మాసము 23వ తేదీన, కొరియా రాజధాని సియోలు నగరమున ఒక తీర్పు వెలువడినది. పెద్ద ఇంటర్నెట్ వేదికలపై వ్రాయువారెల్లరు అసలు పేరును ధ్రువపరచవలెనని దక్షిణ కొరియా 2007లో శాసించియుండెను. దాని వలన దుర్భాష గణనీయముగ తగ్గినట్లు రుజువు కాలేదు. పైగా 2011లో ఆ దేశమునందలి ఒక పెద్ద వేదికనుండి సుమారు 3 కోట్ల 50 లక్షల మంది వివరములు దొంగల పాలైనవి. ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసెను. పేరు లేని మాట వలన ఒక నగరము అల్లాడుచున్న వారములలోనే, పేర్లన్నిటిని ఒకచోట పోగుచేసిన దేశము ఆ పద్ధతిని విడనాడినది. రెండు ఘట్టములను కలిపి చదివిననేగాని సమస్య సమగ్రముగ బోధపడదు.

2018: పిల్లలదొంగల పుకారు

2012 పాఠము ఆరేండ్లలో మరుపున పడినది. 2018 మే 23వ తేదీన బెంగుళూరు చామరాజపేటలో రాజస్థానమునుండి పనికై వచ్చిన ఒక యువకుని, పిల్లలను ఎత్తుకొనిపోవువాడని అనుమానించి జనము కొట్టి చంపిరి. అదే సంవత్సరము జూలై 13వ తేదీన బీదరు జిల్లా ముర్కి గ్రామమున, పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపమునకు, హైదరాబాదునుండి వచ్చిన మిత్రబృందమును వెంటాడి కొట్టిరి. వారిలో ఒక ఇంజనీరు మరణించెను. కారు ఆ గ్రామము చేరకముందే వారి చిత్రములు వాట్సాప్ బృందములలో చేరినవి. అప్పటి వాట్సాప్ బృందములలో ప్రతి సభ్యుని ఫోను సంఖ్యయు కనబడుచునే యుండెను. అనగా అది ముసుగుల సభ కాదు. పంపినవారి పేర్లు తెలిసియుండియు వార్త మూలము తెలియకపోవుటయే అచట మృత్యుకారణము.

ఇదే సమయమున జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరిగారు అనుసరించిన మార్గము ప్రశంసనీయమైనది. పుకార్లు తలయెత్తగానే ఆమె గ్రామగ్రామమునకు ఒక పోలీసు ఉద్యోగిని బాధ్యునిగా నియమించి, జానపద కళాకారులచే పాటలు కట్టించి, డప్పు కొట్టించి, అబద్ధపు వార్తలను నమ్మవలదని చెప్పించిరి. అనుమానము కలిగిన వారు ఫలానా వానిని అడుగవచ్చునను భరోసా ప్రజలకు కలిగినది. పూర్వపు చాటింపు పద్ధతియే సెల్‌ఫోను యుగమున ప్రాణములను కాపాడినది. వాట్సాప్ సంస్థ కూడ ఆ జూలైలోనే చేతులు మారిన సందేశమునకు గుర్తు తగిలించి, భారతదేశమున ఒకమారు 5 చోట్లకు మించి పంపకుండ కట్టడి చేసెను.

సమన్వయము

2021 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమములలో, న్యాయస్థానము మొదలగు అధికార స్థానములు కోరినపుడు పెద్ద సంస్థలు సందేశమును మొదట పంపినవానిని గుర్తింపవలెనను విధి గలదు. ఒక్కరిని గుర్తించుటకు అందరి ఉత్తరములను గుర్తు పెట్టవలసివచ్చునని వాదించుచు వాట్సాప్ ఆ సంవత్సరమే దిల్లీ హైకోర్టు నాశ్రయించెను. రెండు వాదములలోను సత్యము గలదు. 2007 నాటి నిరపరాధిని తలచుకొన్న వారికి సంస్థ వాదము, ముర్కి మృతుని తలచుకొన్న వారికి ప్రభుత్వ వాదము సమంజసముగ తోచును.

అయితే చట్టము రాకముందే సమాజము చేయదగిన పని యొకటి గలదు. చాట్ బృందమున వార్తను ముందుకు పంపువాడు వట్టి పాఠకుడు కాడు. 1867 చట్టపు భాషలో చెప్పవలెనన్న అతడు ముద్రాపకుడు, ప్రకాశకుడు. వ్రాసినవాడు అజ్ఞాతుడు కావచ్చును. పంపినవాడు మాత్రము ఆ వార్త తనకు ఎచటినుండి వచ్చెనో, ఏ దినమున, ఏ ఊర జరిగెనో చెప్పగలిగియుండవలెను. చెప్పలేనిచో పంపరాదు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. అక్రమములను బయటపెట్టువాడు చేయునదియు చాటింపే గదా, పేరు చెప్పిన అతని బ్రతుకు దుర్భరమగునే యని. దానికి సమాధానము పత్రికల సంప్రదాయముననే లభించును. కలముపేరుతో వ్రాసిన రచయిత ఎవరో సంపాదకుడు ఎరుగును. లోకమునకు సంపాదకుని పేరు తెలియును. మాటకు పూచీపడు మనిషి ఒక్కడున్న చాలును. రహస్యము రక్షింపబడును, బాధ్యతయు నిలుచును.

బెంగుళూరు తెలుగువారి సంఘములకును, అపార్టుమెంటుల నివాసులకును, పాఠశాలల తల్లిదండ్రులకును నేడు చాట్ బృందములు గలవు. అందు నగరమునకు క్రొత్తగా వచ్చిన ఒక బాలిక తన కష్టమును పేరు చెప్పక పెద్దలలో నొకరి ద్వారా తెలుపగోరిన, ఆ చాటును గౌరవింపవలెను. కాని ఒక భాషవారిమీదనో, ఒక మతమువారిమీదనో, ఒక ప్రాంతమువారిమీదనో భయమును గొలుపు వార్త వచ్చినపుడు మొదట అడుగవలసిన ప్రశ్న "దీనికి పూచీ ఎవరు?" అనునదే. 2012లో మూటలు కట్టుకొన్నవారు ఈశాన్యమువారు. ఇంటి భాష యొకటి, వీధి భాష యొకటియై పొరుగు రాష్ట్రమున బ్రతుకు ప్రతి సమాజమునకును అట్టి రాత్రి యొకటి రావచ్చును. ఆ రాత్రి రాకుండుటకు, ఇతరులకు రానీయకుండుటకు, చేతిలోని ఫోనునుండి పోవు ప్రతి వార్తకును మునుపటి ముద్రాపకునివలె తన పేరు వేసికొనుటకు సిద్ధపడుట యొక్కటే ఈ మూడు దశాబ్దుల చరిత్ర సూచించు మార్గము.